శ్రుతి పట్టిన బాలుడు: తెలుగు నేలపై నాదస్వర బాలశిక్షణ – ఇంటి అరుగు నుంచి సంగీత పాఠశాల దాకా

వ్యాస సంగ్రహం

తెలుగు ప్రాంతాలలో నాదస్వర విద్య ఇరవయ్యో శతాబ్దంలో ఇంటి నుంచి పాఠశాలకూ, వంశపారంపర్య సేవ నుంచి ధ్రువపత్రానికీ మారింది. ఈ పరిణామాన్ని గురుకులానికీ కళాశాలకూ మధ్య తేడాగా చర్చించడం పరిపాటి. మేళంలో వెనుక నిలిచి శ్రుతి పట్టే బాలుడి స్థానం క్రమంగా లేకుండా పోవడమే ఈ మార్పులోని ప్రధాన నష్టమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అదే సమయంలో పాఠశాల తెరిచిన తలుపులను తక్కువ చేసి చూడరాదని కూడా వాదిస్తుంది.

కీలక పదాలు: నాదస్వరం, ఒత్తు, మేళం, బాలశిక్షణ, షేక్ చినమౌలానా, దేవాదాయ చట్టం

1. ఉపోద్ఘాతం

దేవాలయ మేళంలో నాదస్వర విద్వాంసులు, డోలు వాయించేవారు ముందు నిలుస్తారు. వారి వెనుక ఒకరు తాళం వేస్తుండగా మరొకరు రాగమేదీ లేకుండా ఒకే ఆధార షడ్జాన్ని ఎడతెగకుండా ఊదుతూ ఉండేవారు. ఈ రెండు పనులూ తరచుగా విద్య నేర్చుకుంటున్న పిల్లలవే. షడ్జం ఊదే వాద్యానికి ఒత్తు అని పేరు. ఆకారంలో అది నాదస్వరం వంటిదే. స్వరాలు పలికించే వేళ్ళ రంధ్రాలు మాత్రం దానికి ఉండవు. అడుగు భాగంలో ఉన్న రంధ్రాలను మైనంతో మూస్తూ తెరుస్తూ శ్రుతి సరిచేసుకుంటారు. దీన్ని ఊదడాన్నే మేళగాళ్ళు శ్రుతి పట్టడం అంటారు.

సంగీత చరిత్రకారులు విద్వాంసుల బాణీలనూ బిరుదులనూ శ్రద్ధగా నమోదు చేశారు. శ్రుతి పట్టిన పిల్లల గురించి వారు రాసినది అత్యల్పం. ముందు వరుసలో పేరు తెచ్చుకున్నవారిలో ఎందరో ఒకప్పుడు ఆ వెనుక వరుసలో గంటల తరబడి నిలబడి ఎదిగినవారే. కాబట్టి నాదస్వర విద్యాబోధన చరిత్రను ఆ బాలుడి వైపు నుంచి చదివే ప్రయత్నం అవసరం.

పేరు విషయం ఇక్కడే ముగించుకోవడం మంచిది. తమిళ పండితులలో పలువురు నాగస్వరం అనే రూపమే ప్రాచీనమని భావిస్తారు. తెలుగులో నాగస్వరం అనగానే పాములవాడి బుర్ర గుర్తుకు వస్తుంది గనుక మన రచయితలకు నాదస్వరమే అనుకూలమైంది. జనవ్యవహారంలో రెండూ కాక సన్నాయి అన్న మాటే నిలిచింది. ఉత్తరాది షెహనాయికీ దీనికీ పరిమాణంలో, నాదంలో చాలా అంతరం ఉన్నా పెళ్ళిపందిట్లో ఆ తేడా ఎవరూ పట్టించుకోరు.

2. ఊపిరి పాఠం

నాదస్వరం బాలుడికి సులభంగా లొంగే వాద్యం కాదు. పెద్ద రకమైన బారి నాదస్వరం పొడవు రెండున్నర అడుగులకు మించి ఉంటుంది. దానికన్నా పొట్టిదీ, హెచ్చు శ్రుతి గలదీ తిమిరి. టి. ఎన్. రాజరత్నం పిళ్ళై (1898–1956) ప్రభావంతో బారికి ప్రాచుర్యం పెరిగిన తరువాత నేర్చుకునే పిల్లల చేతులకూ ఊపిరికీ భారం మరింత పెరిగిందని ఊహించడం కష్టం కాదు. వాయించడానికి ఏడు రంధ్రాలు ఉంటాయి. నోటిలో పెట్టుకునే పీక రెండు పొరల రెల్లుతో చేసినది. తమిళంలో దాన్ని శీవాళి అంటారు. పీక మెత్తబడిందో బిరుసెక్కిందో పెదవికి తెలియాలి. ఆ తెలివి లేనిదే ఒక్క స్వరమూ నిలవదు.

ఇక్కడ వేణువుకూ నాదస్వరానికీ ఉన్న భేదం బోధన దృష్ట్యా కీలకమైనది. నాట్యశాస్త్రం ముప్పయ్యో అధ్యాయం వేణువాదనాన్ని వివరిస్తూ, రంధ్రాన్ని పూర్తిగా తెరిస్తే నాలుగు శ్రుతుల స్వరం, వేలిని కంపింపజేస్తే మూడు శ్రుతుల స్వరం, సగం తెరిస్తే రెండు శ్రుతుల స్వరం పలుకుతాయని చెబుతుంది. అంటే ఆ వాద్యంలో స్వరభేదాలు ప్రధానంగా వేళ్ళ అధీనం. నాదస్వరంలో సూక్ష్మ స్వరభేదాలలో ఎక్కువ భాగం గాలి ఒత్తిడి, పెదవుల బిగువు వల్ల వస్తాయి. గురువు వేళ్ళు ఎక్కడ ఉన్నాయో శిష్యుడు చూసి అనుకరించగలడు. గురువు నోటి లోపల ఏం జరుగుతున్నదో చూడలేడు. చెవితో విని, తన నోటిలో వెదుక్కోవలసిందే. సుబ్బరామ దీక్షితులు 1904లో తెలుగు లిపిలో వెలువరించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని గమకాలకు ప్రత్యేక సంకేతాలు కల్పించింది. అంతటి సూక్ష్మమైన లేఖన పద్ధతి కూడా ఒక గమకం పలకడానికి ఊపిరిని ఎంత బిగించాలో చెప్పజాలదు. అది దాని ఉద్దేశం కూడా కాదు.

అందువల్లనే మేళగాళ్ళ ఇళ్ళలో పాఠం వాద్యంతో మొదలయ్యేది కాదు. ముందు గాత్రం. సరళీ, జంట స్వరాలు నోటితో స్థిరపడాలి. ఆపైన పీకను విడిగా ఊదించి నాదం నిలకడగా వచ్చేలా చేసేవారు. నాలుకతో గాలిని తుంచి స్వరాలను విడివిడిగా పలికించే తుత్తుకారం, వేలి దెబ్బతో స్వరాన్ని విరిచే సాధన తరువాతి మెట్లు. ఈ వరుసలో ఇంటింటికీ కొంత తేడా ఉండేది.

ఈ మెట్ల మధ్య ఒత్తు ఉంది. దాన్ని ఊదే బాలుడు బుగ్గలలో గాలి నిలుపుకొని, ముక్కుతో ఊపిరి పీల్చుకుంటూ, నాదం తెగకుండా చూసుకోవాలి. ఊరేగింపు వీథులన్నీ తిరిగి గుడికి చేరేదాకా ఈ పని సాగేది. చూసేవారికి ఇది చాకిరీ. బాలుడికి కూడా చాలాసార్లు అలాగే తోచి ఉంటుంది. కానీ ఆ గంటలలో అతని శరీరం ఊపిరి మలుపును నేర్చుకుంటున్నది. చెవి ఆధార షడ్జానికి అతుక్కుంటున్నది. రెండడుగుల దూరంలో గురువు చేస్తున్న రాగాలాపన అంతా ఆ షడ్జంపై నిలిచి వినబడుతున్నది. తాను ఏ తప్పూ చేసే అవకాశం లేని స్థానంలో నిలబడి, పూర్తి స్థాయి కచేరీని లోపలి నుంచి వినడం అనే సౌకర్యం మరే సంగీత విద్యార్థికీ ఇంత సులభంగా దొరకదు. తంబూరా మీటే గాత్ర శిష్యుడి స్థానం దీనికి దగ్గరగా ఉంటుంది గానీ, అతని వేళ్ళు మీటుతున్న తీగకు తరువాత అతను పాడవలసిన గొంతుతో సంబంధం లేదు. ఒత్తు ఊదిన ఊపిరే రేపు నాదస్వరం ఊదుతుంది.

కాలజ్ఞానం కూడా అక్కడే అబ్బేది. తెల్లవారుజామున భూపాలం, బౌళి వంటి రాగాలు, రాత్రి పవళింపు వేళకు నీలాంబరి, ఉత్సవమూర్తి కదిలేటప్పుడు మల్లారి – ఈ క్రమాన్ని ఎవరూ పలకపై రాసి చెప్పలేదు. పల్లకి ఎత్తినప్పుడు ఏది మొదలవుతుందో, హారతి వేళ ఏది ఆగుతుందో పదేళ్ళ పిల్లవాడికి కాళ్ళనొప్పులతో సహా జ్ఞాపకం ఉండేది.

3. ఇల్లు, కులం, సేవ

తెలుగునాట ఈ విద్య ప్రధానంగా నాయీబ్రాహ్మణ కుటుంబాలలోనూ, కోస్తాలోని గుంటూరు, ప్రకాశం ప్రాంతాలలో దూదేకుల ముస్లిం కుటుంబాలలోనూ నిలిచింది. హిందూ దేవాలయంలో ముస్లిం విద్వాంసుడు సుప్రభాత వేళ రాగం ఎత్తుకోవడం ఈ ప్రాంతంలో వింతగా భావించిన విషయం కాదు. గోసవీడు షేక్ హసన్ సాహెబ్ భద్రాచలం రామాలయంలో నాదస్వర సేవ చేశారు. మరణానంతరం 2022లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. ఈ సంగతిని మతసామరస్యానికి ఉదాహరణగా చెప్పి వదిలేయడం మనకు అలవాటు. బోధన చరిత్రలో దాని ప్రాముఖ్యం వేరు. ఈ విద్య రక్తసంబంధంలోనే పారిందన్న అభిప్రాయాన్ని ఈ కుటుంబాలు సవరిస్తున్నాయి.

షేక్ చినమౌలానా (1924–1999) జీవితం ఇందుకు మంచి నిదర్శనం. ఒంగోలు దగ్గరి కరవది ఆయన స్వగ్రామం. తొలి పాఠాలు ఇంట్లోనే. తరువాత చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర శిక్షణ పొందారు. రాజరత్నం పిళ్ళై వాదనం ఆయనను తంజావూరు బాణీ వైపు లాగింది. ఆ బాణీని నాచ్చియార్‌కోయిల్ సోదరులు రాజం, దురైక్కణ్ణు పిళ్ళైల వద్ద అభ్యసించారు. అప్పటికే విద్వాంసుడైనవాడు మరొక భాషా ప్రాంతంలో, మరొక సమాజానికి చెందిన గురువుల ముందు మళ్ళీ శిష్యుడిగా కూర్చోవడం సామాన్యమైన నిర్ణయం కాదు. ఇంటి విద్య పునాది వేసింది. ఇల్లు దాటిన తరువాతనే బాణీ ఏర్పడింది.

అయితే పాత పద్ధతిని ఆదర్శీకరించడం సరికాదు. ఇంటి అరుగు మీద పాఠం ఆ ఇంటి పిల్లలకే. ఇతర కులాల బాలుడు కోరుకున్నా నేర్చుకునే వీలు తక్కువ. కోరుకునే వీలు అంతకన్నా తక్కువ, ఎందుకంటే ఈ వాద్యంతో పాటు సామాజికమైన చిన్నచూపు కూడా వచ్చేది. మంగళవాద్యం లేనిదే ముహూర్తం లేదన్న సమాజమే ఆ వాద్యకారుణ్ణి పందిరి అంచున నిలబెట్టింది. ఆడపిల్లలు విద్య వినబడే ఇంట్లోనే పుట్టినా మేళంలో వారికి చోటు లేదు. శ్రుతి పట్టే బాలుడు బడికి వెళ్ళాడా, ఎన్నో తరగతిలో మానేశాడు అన్న ప్రశ్నను పాత గురుకులాన్ని కీర్తించేవారు సాధారణంగా అడగరు.

4. ఇనాం నుంచి ఉద్యోగానికి

ఇంటి పాఠం వెనుక ఒక ఆర్థిక ఏర్పాటు ఉండేది. దేవాలయ సేవకు భూమి ఇనాంగానో, వంతుల వారీ రాబడిగానో దక్కేది. కుమారుడికి నేర్పడమంటే ఆ సేవను నిలబెట్టుకోవడం. బాలుడు శ్రుతి పట్టిన రోజు నుంచే ఇంటి రాబడిలో అతని పాత్ర మొదలయ్యేది. 1956 నాటి ఆంధ్ర ప్రాంత ఇనాముల రద్దు, రైత్వారీ మార్పిడి చట్టం ఈ భూముల హక్కుల స్వరూపాన్ని మార్చింది. అంతకంటే సూటి ప్రభావం 1987 నాటి దేవాదాయ చట్టానిది (30/1987). అందులోని 34వ సెక్షన్ మిరాశీదారులు, అర్చకులతో పాటు ఇతర ఆలయ ఉద్యోగులు, సేవకుల వంశపారంపర్య హక్కులను రద్దు చేసింది. 1996లో సుప్రీంకోర్టు ఈ రద్దు రాజ్యాంగబద్ధమేనని తీర్పు ఇచ్చింది.

ఈ చట్టంపై జరిగిన చర్చ దాదాపు అంతా అర్చకత్వం చుట్టూ తిరిగింది. మేళగాడి ఇంట్లో అది తెచ్చిన మార్పు అంతగా చర్చకు రాలేదు. వంశహక్కు పోయిన తరువాత ఆలయంలోని నాదస్వర స్థానం ఒక ఉద్యోగం. ఉద్యోగానికి అర్హత కావాలి. అర్హతకు పత్రం కావాలి. పత్రం పాఠశాల ఇస్తుంది. తండ్రి వెనుక పదేళ్ళు శ్రుతి పట్టిన అనుభవం దరఖాస్తు ఫారంలో నింపదగిన గడి కాదు. న్యాయం దృష్టితో చూస్తే ఈ మార్పు అవసరమే: సేవ పుట్టుకతో రాకూడదన్న సూత్రాన్ని కాదనడం కష్టం. అయితే పుట్టుక హక్కుతో పాటు, ఆ హక్కు నీడలో నడుస్తున్న శిక్షణ క్రమం కూడా ఆధారం కోల్పోయింది. ఈ రెండో పరిణామాన్ని చట్టం కోరలేదు. ఊహించిన దాఖలా కూడా కనబడదు.

5. పాఠశాల ఇచ్చినదీ, ఇవ్వలేనిదీ

తెలుగునాట సంస్థాగత సంగీత విద్యకు విజయనగరం దారి చూపింది. అక్కడ 1919లో మహారాజా సంగీత కళాశాల వెలిసింది. ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడు. 1936లో ద్వారం వెంకటస్వామినాయుడు ఆ బాధ్యత స్వీకరించారు. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం ఆధ్వర్యంలో 1959లో సంగీత నృత్య కళాశాల ఏర్పడింది. నాదస్వరానికీ డోలుకూ ప్రత్యేకమైన పాఠశాల కూడా దేవస్థానమే నడుపుతున్నది. తమిళనాడులో జిల్లా ప్రభుత్వ సంగీత పాఠశాలలు నాదస్వరం, తవిల్ నేర్పుతున్నాయి. కర్నూలులో ప్రభుత్వ శారదా సంగీత కళాశాల ఉంది.

కర్నూలు పేరు ఇక్కడ ప్రత్యేకంగా చెప్పవలసిందే. నాదస్వర దంపతులుగా ప్రసిద్ధులైన కాలీషాబీ మహబూబ్, షేక్ మహబూబ్ సుభానీ ఆ సంస్థలో శిక్షణ పొందారు. ఇద్దరూ వాద్యకారుల కుటుంబాలలో పుట్టినవారే. కాలీషాబీ తొలి గురువు తండ్రి. తరువాత దంపతులు చినమౌలానా శిష్యరికం చేశారు. 2020లో ఇద్దరికీ కలిపి పద్మశ్రీ ప్రకటించారు. తమిళ ప్రాంతంలో మదురై ఎం. ఎస్. పొన్నుత్తాయి ఇంతకుముందే స్త్రీలకు ఈ రంగంలో దారి వేశారు. కాలీషాబీ విద్యాభ్యాస క్రమాన్ని గమనిస్తే ఇల్లు, సంస్థ, గురుకులం మూడూ వరుసగా కనబడతాయి. ఇంట్లో పాఠం దొరికినా సభలో గుర్తింపు దొరకని ఆడపిల్లకు, పేరు పిలిచి హాజరు వేసే తరగతి గది ఎంత విలువైనదో అంచనా వేయడానికి సిద్ధాంత చర్చ అక్కరలేదు. ఏ కులంవారైనా, ఆడపిల్లయినా మగపిల్లవాడైనా రుసుము కట్టి నాదస్వరం చేతపట్టవచ్చు అన్న నియమమే పాఠశాల సాధించిన పెద్ద విజయం.

ఇక ఇవ్వలేనిది. సంగీత కళాశాలల పాఠ్యక్రమానికి మూలం గాత్రం. సరళీ స్వరాలు, అలంకారాలు, గీతాలు, వర్ణాలు, కృతులు అనే క్రమం వీణకూ వాయులీనానికీ నాదస్వరానికీ కొద్ది మార్పులతో ఒకటే. మల్లారి, రక్తి మేళం, వీథి ఉత్సవంలో సాగే సుదీర్ఘ రాగాలాపన – నాదస్వరం తనకు తానుగా పెంచుకున్న ఈ సంపద పరీక్ష పత్రంలో ఇమడదు. ఇరవై నిమిషాల ప్రయోగ పరీక్షలో గంటసేపు సాగవలసిన ఆలాపనకు మార్కులు ఎలా వేయాలి? కనుక కృతి వాయించడం రాగానే విద్య వచ్చినట్టు లెక్క తేలుతుంది.

శబ్దం సమస్య మరొకటి. ఇది చిన్న విషయంగా కనబడుతుంది గానీ, బోధకులకు రోజూ ఎదురయ్యేది ఇదే. నాదస్వరం ఆరుబయటి వాద్యం. పొలం గట్టునో, ఏటి ఒడ్డునో, తెల్లవారుజామున ఊదుకోవలసిన సాధన అది. పక్క గదిలో వీణ పాఠం జరుగుతుండగా నలుగురు పిల్లలు ఒకేసారి షడ్జం పట్టడం సాధ్యం కాదు. ఇంటికి వెళితే అద్దె గది, ఇరుగుపొరుగు. పీకను విడిగా ఊదుకోవడం, నోటితో స్వరాలు అనుకోవడం – ఇంతకు మించి పట్టణ బాలుడికి సాధన దొరకడం కష్టం. ఊపిరితో నేర్వవలసిన విద్యకు ఊపిరి తీసుకునే చోటే కరువైంది.

సామగ్రి కూడా పాఠశాలకు దూరమే. కుంభకోణం సమీపంలోని నరసింగంపేట నాదస్వరాల తయారీకి పేరుపడిన ఊరు. 2022లో ఆ వాద్యానికి భౌగోళిక గుర్తింపు లభించింది. ఆచ్చా అనే చెట్టు మానును, అందులోనూ పాత ఇళ్ళ దూలాల నుంచి తీసిన ముదురు కర్రను వాద్యకారులు కోరుకుంటారు. పీకలకు తిరువావడుదురై ప్రసిద్ధి. పీకను ఎంచి, గీకి, నానబెట్టి తన పెదవికి తగినట్టు మలచుకోవడం ఇంటి విద్యలో విడదీయరాని భాగం. తరగతిలో అది పాఠం కాదు. గురువు స్వయంగా సరిచేసి ఇచ్చే వస్తువు.

6. శ్రీరంగంలోని ప్రయత్నం

శ్రీరంగంలో స్థిరపడిన చినమౌలానా 1982లో అక్కడే శారదా నాదస్వర సంగీత ఆశ్రమాన్ని నెలకొల్పారు. అప్పటికి ఆయనకు పద్మశ్రీ (1977) లభించి అయిదేళ్ళు. మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి (1998) ఇంకా రావలసి ఉంది. కచేరీ జీవితం ఉచ్చస్థితిలో ఉన్న విద్వాంసుడు బోధనకు ఒక స్థలాన్ని ఏర్పరచడం గమనార్హం. కరవది నుంచి వచ్చిన ముస్లిం విద్వాంసుడు, తమిళ గురువుల వద్ద నేర్చిన తంజావూరు బాణీని, రంగనాథుని సన్నిధి గల ఊరిలో, శారద పేరిట కొత్త తరానికి అందించడం – ఈ వాక్యంలోని ప్రతి మాటా వంశపారంపర్యం అన్న పదానికి ఉన్న ఇరుకు అర్థాన్ని వదులు చేస్తుంది. ఆయన మనుమలు కాసిం, బాబు ఆ బాణీని కొనసాగిస్తున్నారు.

ఆశ్రమం అన్న పేరులోనే ఇల్లూ బడీ కానిదేదో ఆయన కోరుకున్నట్టు తోస్తుంది. శిష్యుడు గురువుకు దగ్గరగా ఉండాలి. ఆ శిష్యుడు గురువు కుమారుడే కానక్కరలేదు. 1987 చట్టానికి అయిదేళ్ళ ముందే, చట్టం ప్రమేయం లేకుండా, హక్కును వదిలి శిక్షణను నిలిపే మార్గం ఒకటి ఈ విధంగా ఆచరణలోకి వచ్చింది. దాన్ని ప్రభుత్వ సంస్థలు తమ పాఠ్యక్రమంలో ఎంతవరకు స్వీకరించగలవు అన్నది ఇంకా తేలని ప్రశ్న.

7. పెట్టె వచ్చిన తరువాత

శిక్షణ క్రమం బలహీనపడడానికి చట్టం, పాఠశాల మాత్రమే కారణాలు కావు. మూడో కారణం చాలా చిన్నది, సంచిలో పడుతుంది. తిత్తితో నడిచే శ్రుతిపెట్టె మొదట ఒత్తుకు ప్రత్యామ్నాయమైంది. 1970ల నుంచి విద్యుత్ శ్రుతిపెట్టె వ్యాపించింది. దానికి ఆకలి లేదు, అలసట లేదు, రాబడిలో వాటా అడగదు. ఏ శ్రుతి కావాలంటే ఆ శ్రుతికి తిప్పుకోవచ్చు. మేళం రాబడి తగ్గుతున్న కాలంలో ఒక మనిషి ఖర్చు మిగిలించే వస్తువును వద్దనుకోవడం ఎవరికైనా కష్టం. బ్యాండు మేళాలు పెళ్ళి ఊరేగింపులను ఆక్రమించిన తరువాత మరీ కష్టం.

కాని ఆ పెట్టె తొలగించినది ఒక సహాయకుణ్ణి అనుకోవడం పొరపాటు. నేర్చుకునే బాలుడు మేళంలోకి అడుగుపెట్టే మొదటి మెట్టు అదే. ఇప్పుడు విద్యార్థి పాఠశాలలో వర్ణాలూ కృతులూ నేర్చి, పరీక్ష రాసి, నేరుగా ముందు వరుసలో నిలబడాలి. ఆరుబయట నాలుగు గంటలు ఊదడం, డోలు హోరులో షడ్జాన్ని వదలకపోవడం అతనికి ఉద్యోగంలో చేరిన తరువాత ఎదురయ్యే కొత్త పాఠాలు. వీటిని తరగతిలోకి తేవడం అసాధ్యమేమీ కాదు. సర్టిఫికెట్ స్థాయి మొదటి సంవత్సరంలో ఒత్తును ఒక అభ్యాసంగా చేర్చవచ్చు; ఉత్సవ దినాలలో సమీప ఆలయ మేళం వెనుక శ్రుతి పట్టడాన్ని హాజరుగా లెక్కించవచ్చు. బడి మాన్పించకుండా, కులం అడగకుండా, ఆడపిల్లలను వెనక్కి నెట్టకుండా ఆ పాత స్థానాన్ని తిరిగి కల్పించే వీలు పాఠశాలకే ఎక్కువగా ఉంది.

చిన్ననాట ఒత్తు ఊది, 1987 నాటికి మేళంలో స్థిరపడినవారిలో చాలామంది నేడు అరవై దాటినవారు. వారిలో కొందరు విద్వాంసులై పేరు పొందారు. మరికొందరు డోలు వైపు, బ్యాండు వైపు, క్షౌరవృత్తి వైపు మళ్ళారు. నాదస్వర చరిత్ర రచనలో మొదటి వర్గంవారి మాటలే ఇంతవరకు ఆధారాలుగా నిలిచాయి. ఏ వయసులో శ్రుతి పట్టారు, ఎవరి వెనుక, ఎన్ని గంటలు, ఎప్పుడు ఆ చోటు పెట్టెకు వదిలిపెట్టారు అన్న ప్రశ్నలకు రెండో వర్గంవారి వద్ద ఉన్న సమాధానాలు ఏ గ్రంథాలయంలోనూ లేవు. ఒంగోలు, చిలకలూరిపేట పరిసర గ్రామాలు ఆ సేకరణకు తగిన ప్రారంభ స్థానాలు.